ఎకో నార్మల్, ఛాతీలో మాత్రం బిగుతు: ఇక గుండె పరీక్షలు ఆపేయొచ్చా?

నాడి:
చర్చ కోసం ఒక ఉదాహరణ. 54 ఏళ్ల మగమనిషి, బీపీ మందు వాడుతున్నారు, మెట్లెక్కితే ఛాతీ బిగుస్తోంది. ఎకో (గుండె అల్ట్రాసౌండ్) రిపోర్టులో ఈఎఫ్ (గుండె ఒక్కో కొట్టుడుకు బయటికి నెట్టే రక్తం) 62 శాతం, గుండె గోడల కదలికలో తేడా లేదు, గ్రేడ్ 1 డయాస్టొలిక్ డిస్‌ఫంక్షన్ (గుండె వదులవడంలో స్వల్ప లోపం), ట్రివియల్ ఎంఆర్ (మైట్రల్ వాల్వు దగ్గర అతి కొద్దిగా రక్తం వెనక్కి కారడం) అని ఉంది. ఇక గుండె సంగతి వదిలేసి గ్యాస్ వైపు చూడొచ్చని నా వాదన. గుండెకు రక్తమిచ్చే కరోనరీ నాళంలో బ్లాకుంటే ఆ వైపు గోడ సరిగా కదలదు, ఎకోలో దొరికిపోతుంది కదా?

ప్రోబు:
దొరకాలని లేదండీ. ఎకో తీసేటప్పుడు మనిషి పడుకుని ఉంటాడు. అప్పుడు గుండె కండరానికి కావలసిన రక్తం తక్కువ. నాళం 70 శాతం మూసుకున్నా ఆ కాస్తా అందుతూనే ఉంటుంది, గోడ మామూలుగానే కదులుతుంది. కదలిక తగ్గిందంటే సాధారణంగా పాత అటాక్ మచ్చ ఉండాలి, లేదంటే విశ్రాంతిలో కూడా రక్తం చాలనంతగా నాళం ఇరుకైపోవాలి. కరోనరీ నాళాల్లో బ్లాకులు వెతకడానికి పెట్టిన పరీక్ష కాదిది.

అలాగని ఎకో వృథా కాదు. అయొర్టిక్ వాల్వు ఇరుకైనా, గుండె కండరం మందమెక్కినా శ్రమలో ఛాతీ బిగుస్తుంది. ఆ రెండూ ఇందులో బాగా తెలుస్తాయి. గోడ మందం మగవారిలో 10, ఆడవారిలో 9 మి.మీ. దాకా మామూలే.

కవాటం:
అందుకే నేరుగా సీటీ యాంజియో (గుండె నాళాల సీటీ స్కాన్) చేయించాలంటాను. ఛాతీ బిగుతన్న ప్రతివారికీ. నాళాలు కళ్లకు కనబడతాయి, అనుమానం తీరిపోతుంది.

తూనిక:
ప్రతివారికీ అన్నదే నాకు మింగుడుపడదు కవాటం గారూ. ముందు మూడు ప్రశ్నలు. ఛాతీ మధ్యలోనో, గొంతు, దవడ, చేతిలోనో నొక్కినట్టుందా? శ్రమతో వస్తోందా? ఆగితే ఐదు నిమిషాల్లోపు తగ్గుతోందా? మూడింటికీ అవునంటే ఎకో ఎంత బాగున్నా పరీక్షలు ముందుకు సాగాల్సిందే. వేలితో చూపించగలిగేంత చోట, నొక్కితే ఎక్కువయ్యే పోటయితే చాలావరకు పక్కటెముకలదో కండరానిదో అయి ఉంటుంది. షుగర్ ఉన్నవారిలో, ఆడవారిలో బిగుతుకు బదులు ఆయాసమో విపరీతమైన అలసటో రావచ్చు, అది కొట్టిపారేయకండి.

సీటీకి రేడియేషన్ ఉంది, అయోడిన్ మందు ఎక్కిస్తారు, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ చూడాలి. గుండె వేగం 60 దగ్గరికి దించకపోతే బొమ్మ అలుక్కుపోతుంది. నాళాల్లో కాల్షియం బాగా పేరుకుంటే బ్లాకు ఉన్నదానికన్నా పెద్దగా కనిపిస్తుంది.

ప్రోబు:
టీఎంటీ (ట్రెడ్‌మిల్‌పై నడిపిస్తూ ఈసీజీ తీసే పరీక్ష) విషయంలో ఒక చిక్కు తరచూ జరుగుతుంది. 220 లోంచి వయసు తీసేసి, అందులో 85 శాతం గుండె వేగం అందుకోవాలి. ఈ మనిషికి 166లో 85 శాతం, అంటే 141. మోకాళ్ల నొప్పితో 110 దగ్గరే ఆగిపోయి ‘నెగటివ్’ అని రాయించుకుంటే ఆ మాటకు బలం లేదు. గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్ మందు మింగి వచ్చినా అంతే. అది ఎప్పుడు ఆపాలో డాక్టరే చెప్పాలి, సొంతంగా మానకూడదు. ఈసీజీలో లెఫ్ట్ బండిల్ బ్రాంచ్ బ్లాక్ (గుండె ఎడమవైపు విద్యుత్ మార్గంలో అడ్డు) ఉంటే టీఎంటీ గీతలతో తేల్చలేం. అలాంటప్పుడు గుండెకు శ్రమ కల్పించి తీసే స్ట్రెస్ ఎకో, సీటీ వంటివి చూడాలి.

నాడి:
శ్రమతోనే వస్తోంది కాబట్టి ఈ మనిషి విషయంలో నా వాదన వదులుకుంటున్నాను. మరి ఆ గ్రేడ్ 1, ఎంఆర్?

ప్రోబు:
ట్రివియల్ ఎంఆర్ ఆరోగ్యవంతుల్లోనూ కనిపిస్తుంది, వదిలేయొచ్చు. గ్రేడ్ 1 అంటే గుండె వదులయ్యే వేగం మందగించడం. వయసుతోనూ, ఏళ్ల తరబడి బీపీతోనూ వస్తుంది, బ్లాకుకు గుర్తు కాదు. ఎడమ కర్ణిక పెద్దదైందా, ఈ/ఈ ప్రైమ్ (గుండె నిండేటప్పుడు లోపలి ఒత్తిడిని అంచనా వేసే ఎకో అంకె) 14 దాటిందా చూడండి. రెండూ లేకపోతే బీపీ అదుపే ముఖ్యం. ఈఎఫ్ ఈసారి 62, వచ్చేసారి 57 వచ్చినా కంగారు వద్దు. కొలిచే చేయి మారితే అంత తేడా వస్తుంది.

కవాటం:
సరే, ‘ప్రతివారికీ’ వెనక్కి తీసుకుంటున్నాను. కానీ సీటీలో నాళాలు శుభ్రంగా ఉన్నాయని బాధ అబద్ధమనకండి. కంటికి ఆనని సన్ననాళాల్లో రక్తం సరిగా పారకపోయినా, నాళం ఉన్నట్టుండి ముడుచుకుపోయినా బిగుతు నిజంగానే వస్తుంది.

తూనిక:
ఇదంతా నిలకడగా ఉన్నవారి సంగతి. కూర్చున్నప్పుడే బిగుతు మొదలై ఐదు నిమిషాలైనా తగ్గకపోతే, లేదా చెమట, వాంతి, స్పృహ తప్పుతున్నట్టుంటే అసలు గడియారమే చూడకుండా అంబులెన్సు పిలవాలి, సొంతంగా బండి నడపకూడదు. ఆసుపత్రిలో ముందు ఈసీజీ, తర్వాత ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ప్రొటీన్) పరీక్ష. మొదటి ట్రోపోనిన్ మామూలుగా వచ్చినా, నొప్పి అప్పుడే మొదలై ఉంటే కొన్ని గంటల్లో మళ్లీ తీయాలి. పాత ఎకో రిపోర్టు చూపించి ఇంటికి పంపమని అడగకండి.