చిన్న విమానంలో ఇంజన్ మొరాయిస్తే మేడే ఎప్పుడు చెప్పాలి?

గన్నవరం కుర్రాడు:
సెస్నా 172 అనే ఒకే ఇంజన్ ఉన్న చిన్న విమానంలో ఇంజన్ పూర్తిగా ఆగలేదు, పవర్ మాత్రం పడిపోయింది అనుకోండి. అప్పుడే మేడే (ప్రాణాపాయంలో ఉన్నామని రేడియోలో చెప్పే మాట) చెప్పాలా, ఆగేదాకా చూడాలా? మా పైలట్ ట్రైనింగ్ బ్యాచ్‌లో చాలామంది "ఆగితేనే మేడే" అంటున్నారు. మీరేమంటారు?

బెజవాడ గగనం:
ఆగేదాకా చూడొద్దు తమ్ముడూ. ఇంజన్ పూర్తిగా పోతే ఇక ఆలోచించేది ఉండదు, ముక్కు దించి పొలం వెతుక్కుంటాం. సగం పవర్ ఉన్నప్పుడే ఎలాగోలా రన్‌వే చేరతామన్న ఆశ పుడుతుంది. ఆ ఆశతో ముక్కు ఎత్తి పట్టుకుని, స్పీడ్ పోగొట్టుకుని స్టాల్ అవుతారు, అంటే రెక్కలు విమానాన్ని ఇక మోయలేవు.

ఫుల్ థ్రాటిల్‌లోనూ ఎత్తు నిలవకపోతే వెంటనే మేడే. ఎత్తు నిలుస్తూ ఇంజన్ తేడాగా ఉంటే పాన్ పాన్, అంటే మేడే కన్నా ఒక మెట్టు తక్కువ హెచ్చరిక. బాగైతే రద్దు చేసుకోవచ్చు.

ఇంజన్ పోయాక 172 గాలి లేనప్పుడు 3,000 అడుగుల నుంచి సుమారు 8 కిలోమీటర్లు జారుతుంది. అంటే ఉయ్యూరు మీద ఇంజన్ పోతే గన్నవరం అందదు. కింద వరి మళ్లు, కాలవలు. పైగా విమానం కిందికి దిగేకొద్దీ వీహెచ్‌ఎఫ్ రేడియో అందే దూరం తగ్గిపోతుంది. ఎత్తులో ఉండగా చెబితేనే ఏ ఊరి పక్కన దిగుతున్నామో ఎయిర్‌పోర్ట్ కంట్రోల్ టవర్‌కి తెలుస్తుంది, అంబులెన్స్ బయల్దేరుతుంది.

తాడేపల్లి రెక్కలు:
ఎత్తుంటే మీ మాట సరే గగనం గారూ. టేకాఫ్ అయ్యాక 500 అడుగుల్లో పోతే? చేతిలో ఒక్క నిమిషం కూడా ఉండదు. గ్లైడ్ స్పీడ్ పట్టాలి, ఎదురుగా చోటు చూడాలి. అక్కడ మైక్ నొక్కమని స్టూడెంట్లకు చెప్పడం నాకు భయంగా ఉంది. టవర్ తిరిగి ప్రశ్నలు వేస్తుంది కూడా.

బెజవాడ గగనం:
500 అడుగుల దగ్గర మీరన్నదే నిజం, ముందు విమానం, తర్వాతే రేడియో. టవర్ ఏదైనా అడిగితే "స్టాండ్‌బై" (కాస్త ఆగండి) అంటే చాలు.

నా బాధ టైమ్ ఉండి కూడా చెప్పని వాళ్ల గురించి. 1990 జనవరి 25న న్యూయార్క్ దగ్గర ఏవియాంకా 52 ఇంధనం అయిపోయి ఇంజన్లు ఆగి కూలింది, 73 మంది చనిపోయారు. ఇంధనం తగ్గిందని, ప్రయారిటీ కావాలని అన్నారే తప్ప ఎమర్జెన్సీ అని ఒక్కసారీ అనలేదు. అది పెద్ద బోయింగ్ 707, కానీ మొహమాటం అన్ని కాక్‌పిట్లలోనూ ఒకటే.

గన్నవరం కుర్రాడు:
అన్నా, మావాళ్ల అసలు టెన్షన్ అది కాదు. మేడే అంటే ఎంక్వైరీ, రాతపని, సోలో (ఒంటరిగా నడపడం) ఆపేస్తారని.

బెజవాడ గగనం:
గాలిలో ఇంజన్ పోతే మేడే అన్నా అనకపోయినా రిపోర్టు రాయాల్సిందే. ఆ భయంతో నోరు కట్టేసుకోకండి. రేపు క్లాసులో మీ ఇన్‌స్ట్రక్టర్‌నే అందరి ముందూ అడుగు: "ఏ ఎత్తులో, ఏ గుర్తు కనిపిస్తే చెప్పాలి సార్?" అని. నేల మీదే తేల్చుకుని ఎక్కండి.

తాడేపల్లి రెక్కలు:
ఇది ఒప్పుకుంటాను. 500 అడుగుల లోపు మాత్రం నా మాట నాదే.