అంబాసిడర్ మార్క్ 2ను విప్పేస్తున్నాం: ఏ భాగాలు దాచాలి, ఎలా దాచాలి?

ప్రశ్న – తెనాలి_పాతబండి

మా పెదనాన్నగారి పేరున ఉన్న 1972 నాటి అంబాసిడర్ మార్క్ 2 చాలా ఏళ్లుగా రేకుల షెడ్డులోనే నిలిచిపోయింది. ఫ్లోరు, తలుపుల కింది భాగం రెండు వైపులా తుప్పు తినేశాయని, బాగుచేయడానికయ్యే ఖర్చుతో నడుస్తున్న మరో బండినే కొనుక్కోవచ్చని టింకరింగు మేస్త్రీ తేల్చి చెప్పారు. తుక్కు వ్యాపారి బరువు లెక్కన మొత్తం తీసుకుంటానంటున్నారు. అయితే ఇవే బండ్లను శ్రద్ధగా పునరుద్ధరించుకుంటున్నవారు ఉన్నారు కనుక, వారికి ముందుముందు పనికివచ్చే భాగాలను విడదీసి భద్రపరచి, మిగిలిన ఇనుమును మాత్రమే తుక్కుకు ఇవ్వాలని మా ఉద్దేశం. మాకున్న స్థలం ఒక అటక మాత్రమే. ఇంజను, గేరుబాక్సులను ముందుగా దాచాలా, లేక వేరేవి ముఖ్యమా?

సమాధానం – ఆటోనగర్_మెకానిక్

మీ మేస్త్రీగారి మాట సబబే. స్టాండర్డ్ హెరాల్డ్‌కు ఉన్నట్టు అంబాసిడర్‌కు విడి ఛాసిస్ (బాడీ కింద ఉండే ఇనుప చట్రం) లేదు; బాడీయే బరువంతా మోస్తుంది కాబట్టి, కింది భాగం కుళ్లితే బండి నిలబడదు.

చాలామంది ముందు ఇంజనే దాస్తారు. నా అభిప్రాయం దీనికి భిన్నం. పశ్చిమ బెంగాల్ ఉత్తరపాడాలో ఈ బండి తయారీ 2014 వరకు సాగింది, దేశమంతటా టాక్సీగా తిరిగింది. అందువల్ల 1489 సీసీ పెట్రోలు ఇంజనుకు కావలసిన సామాను సికింద్రాబాద్ రాణీగంజ్‌లోనో, చెన్నై పుదుప్పేటలోనో వెతికితే ఇప్పటికీ చాలావరకు దొరుకుతుంది. దొరకనివి మార్క్ 2కే ప్రత్యేకమైన వస్తువులు. చిన్న గళ్ల గ్రిల్లు, మీటరు బోర్డు, స్టీరింగు మీది హారన్ రింగు, లైట్ల అద్దాలు, వాటి చుట్టూ ఉండే క్రోమ్ రింగులు, తలుపుల పిడులు, బానెట్ మీది చిహ్నం, వీల్ క్యాపులు, పాత బీడింగు, ఇవన్నీ టాక్సీవాళ్లు ఎప్పుడూ అడగలేదు కనుక ఎవరూ మళ్లీ తయారు చేయలేదు. విరిగినదైనా పారేయకండి, కొత్తది పోత పోయించేవారికి అదే నమూనా అవుతుంది. బోల్టులు, మరలు కూడా అలాగే. ఇవి అంగుళాల కొలతలవి, మెట్రిక్ కొలతల పద్మిని కారువి వీటికి ఎక్కవు.

సమాధానం – క్రోమ్_పని

భద్రపరిచే పద్ధతి గురించి. విప్పకముందే ప్రతి భాగాన్నీ బండిమీద ఉండగానే ఫొటో తీయండి, ఎందుకంటే ఏ వాషరు ఏ వైపు ఉండేదో కొన్నేళ్ల తరువాత మీకే గుర్తుండదు. విప్పాక కిరోసిన్‌తో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, పలుచగా గ్రీజు రాసి నూనె కాగితంలో చుట్టండి. ప్లాస్టిక్ సంచిలో బిగించి కడితే మన కోస్తా ఉక్కకు లోపల చెమ్మ పట్టి, ఉన్న క్రోమ్ కాస్తా పొక్కుతుంది. క్రోమ్‌కు ఆమ్లం తగలనీయవద్దు. ఆపైన ఒక్కొక్కదానికి రేకు బిళ్ల కట్టి మోడలు, సంవత్సరం, ఎడమా కుడా అన్నది చెక్కించండి. కాగితపు చీటీలను ఎలుకలు మిగల్చవు.

కార్బురేటరులో పెట్రోలు చుక్క కూడా లేకుండా వంపేయాలి. రబ్బరు గొట్టాలు, బ్రేకు సిలిండరు వాషర్లు దాచినా గట్టిపడతాయి కాబట్టి కొలతలు రాసుకుని వదిలేయండి. బ్రేకు షూల మీది పాత లైనింగులో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది, ఆ దుమ్మును గాలితో ఊదకుండా తడిపి తీయించండి.

సమాధానం – ఆర్సీ_సలహా

కాగితాల సంగతి ఎవరూ ఎత్తలేదు. బండి వాడకానికి పూర్తిగా పనికిరాకుండా పోతే, మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ ప్రకారం యజమాని 14 రోజుల్లోగా రవాణా శాఖకు తెలియజేసి ఆర్.సి.ని అప్పగించాలి. ఛాసిస్ నంబరు (బండి గుర్తింపు నంబరు) ఉన్న ముక్కను ఎవరికీ అమ్మవద్దు, జ్ఞాపకంగా ఇవ్వనూ వద్దు. ఆ నంబరు తగిలించి దొంగబండిని మీ బండిగా చలామణి చేస్తారు. ఇంజను ఇస్తే నంబరుతో సహా రసీదు రాసుకోండి.

మరొక మాట. 50 ఏళ్లు దాటిన బండ్లకు 2021 నిబంధనల ప్రకారం ‘వీఏ’ శ్రేణిలో వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తున్నారు, అయితే బండి అసలు రూపంలోనే ఉండాలి. దానికోసం అసలు భాగాలను వెతుకుతున్నవారు ఇప్పుడే ఉన్నారు. అందుచేత అన్నీ అటకెక్కించి ఇరవై ఏళ్లు దాచడం నాకు నచ్చదు. ఫొటోలతో జాబితా పెట్టి అవసరమైనవారికి ఇప్పుడే ఇవ్వండి, మిగిలినవి దాచండి.

తెనాలి_పాతబండి

ధన్యవాదాలు. ఇంజను ఆలోచన మానుకున్నాం. జాబితా ఇక్కడే పెడతాను. ముందు అద్దం చెక్కుచెదరకుండా ఉంది, దాన్ని అటక మీద పడుకోబెట్టవచ్చా?

క్రోమ్_పని

వద్దండి. పాత దుప్పటి పరిచిన చెక్క చట్రంలో నిలువుగా ఉంచండి, అంచులకు గచ్చు తగలకూడదు. చుట్టూ ఉన్న రబ్బరును కత్తితో కోసి తీయించండి. అద్దాన్ని కాపాడుకోవాలంటే ఆ రబ్బరు మీద ఆశ వదులుకోవలసిందే.