నవ్వుల ప్రేమ నవలలో దుఃఖం ఎంత, ఎక్కడ?

బెంగళూరు తెలుగువాళ్లూ, కాస్త సాయం చేయండి. కుప్పంలో జరిగే సరదా ప్రేమ నవల రాస్తున్నాను, 24 అధ్యాయాలు. నాన్న పోయాక ఆయన టైలర్ కొట్టు నడిపే అమ్మాయి, ఎదురు మందుల షాపు అబ్బాయి.

చిక్కల్లా ఒకటే. 3వ అధ్యాయంలో పెద్దకర్మ అవగానే దుఃఖం మాయమై, మళ్లీ 20లో సంవత్సరికం నాడు ఒక్కసారిగా మీద పడుతోంది. అందుకే అతికించినట్టుంది. నెలనెలా మాసికాలన్నీ చూపిస్తే నవ్వు ఎగిరిపోతుంది. రెండే ఉంచి, మిగతాచోట్ల వస్తువుల చేతే చెప్పిద్దామని: అంకెలు చెరిగిన ఆయన టేపు, కొలతల పుస్తకంలో ఆయన చేతిరాత ఆగిపోయిన పేజీ. అబ్బాయి చొక్కా కొలతలు దాని కిందే రాయాలా, పక్క పేజీలోనా? కిందే రాస్తే బాగుంటుందని నాకనిపిస్తోంది.

ఇంకోటి, ఏటి సూతకంలో పెళ్లి మాటెత్తితే మీ ఇళ్లల్లో పెద్దవాళ్లు ఏమంటారు? చిత్తూరు వైపు వాళ్లు తప్పకుండా చెప్పండి.