లైఫ్ కోచ్ దగ్గరికి పోవాల్నా, సైకాలజిస్ట్ దగ్గరికి పోవాల్నా?

కాజీపేట పోరడు: అన్నలూ ఒక డౌట్. గ్రూప్స్ రెండుసార్లు పోయింది, నాలుగు నెలల సంది పుస్తకం ముందలేసుకుంటె అక్షరాలు కనవడ్తయ్ గని బుర్రకెక్కుతలేవు, రాత్రి మూడింటి దాక నిద్ర పడ్తలేదు, అమ్మ అన్నం కలిపి ఇచ్చినా రెండు బుక్కలు తిని లేస్తున్న. హన్మకొండల ఒక లైఫ్ కోచ్ మూడు నెలలకు 18,000 అంటున్నడు. సైకాలజిస్ట్ కూడ గదే పని చేస్తడా?

నయీంనగర్ అక్క: రెండూ ఒకటి కాదు తమ్మి. కోచ్ అంటె టార్గెట్ పెట్టి వారం వారం ఏం జేసినవ్ అని అడిగెటోడు, మనసు నిమ్మళంగ ఉన్నోనికి పనికొస్తది. నిద్ర, తిండి రెండూ పోయినయంటె డిప్రెషన్ కావొచ్చు, గది చూసెటోళ్లు వేరే. మన దగ్గర కోచ్ అని బోర్డు పెట్టుకోనీకి లైసెన్సే అక్కర్లేదు, క్లినికల్ సైకాలజిస్ట్‌కైతె ఆర్‌సీఐ (రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, సర్కారు సంస్థ) రిజిస్ట్రేషన్ ఉండాలె. ఆ రిజిస్ట్రేషన్ నంబర్ అడుగు, మొహమాటపడకు.

షాపు సేటు: నాకు కోచ్‌తోని ఫాయిదా అయింది, దుకాణం పెట్టేటప్పుడు. గని బాపు పోయినంక ఏడుపు ఆగకపోతె ఆయ్ననే "ఇది నాతోని కాదు, డాక్టర్‌కు చూపించుకో" అన్నడు. మరి నీకు 18,000 చెప్పినాయ్న నిద్ర గురించి అడిగిండా అసలు?

కాజీపేట పోరడు: లేదన్నా, ఈఎంఐ ఉంది అన్నడు.

నయీంనగర్ అక్క: 😂 ముందుగాల 14416 కు కొట్టు. టెలీ మానస్ అని మనసు బాధలకు సర్కారు హెల్ప్‌లైన్, 2022ల షురూ అయింది, పైసల్లేవ్, తెలుగుల మాట్లాడ్తరు, రాత్రి రెండింటికైనా ఎత్తుతరు.

కాజీపేట పోరడు: సరే అక్కా, ఇంట్ల అందరు పండుకున్నంక డాబా మీదికి పోయి చేస్త.