కేసు కొట్టేశారంటే గెలిచినట్టా, ఓడినట్టా?

నెల్లూరు మాస్టారు:
మా కాలేజీలో డిగ్రీ పిల్లలకి ఒక పని ఇచ్చాను. పాత సంచలన వార్త తీసుకుని, ఆ రోజు తెలుగు పేపరు మొదటి పేజీ తామే వేస్తున్నట్టు శీర్షిక పెట్టాలి. నేనిచ్చిన వార్త 1947 ఏప్రిల్, మద్రాసుది. లక్ష్మీకాంతన్ హత్య కేసులో యావజ్జీవ ద్వీపాంతరవాసం పడిన తమిళ నటులు ఎం.కె. త్యాగరాజ భాగవతార్, ఎన్.ఎస్. కృష్ణన్ నిర్దోషులని హైకోర్టు తేల్చింది. అప్పుడు మన నెల్లూరూ మద్రాసు రాష్ట్రమే, ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ అచ్చయ్యేదీ మద్రాసులోనే. కాబట్టి మనకిది పరాయి ఊరి వార్తేం కాదు.

ఒకమ్మాయి 'భాగవతార్ కేసు కొట్టివేత' అని రాసింది. పొట్టిగా ఉంది, పెద్దక్షరాల్లో బాగా కూర్చుంటుంది. టిక్కు పెట్టేశాను. పక్క సీటు ఇంగ్లీషు మేడమ్ చూసి, "ఇంతకీ వాళ్లు బయటికొచ్చారా, లోపలే ఉండిపోయారా?" అంది. జవాబు చెప్పబోయి ఆగిపోయాను. మీరేమంటారు?

కావలి సభ్యుడు:
ఇందులో డౌటేముంది మాస్టారూ? మా వైపు కేసు కొట్టేశారంటే ముద్దాయి ఇంటికొచ్చినట్టే. అన్నం వండి పెట్టుకోవచ్చు.

ఒంగోలు వకీలు:
అంత తొందర వద్దన్నా. ఈ కేసు వరసే చూడండి. లక్ష్మీకాంతన్ సినిమావాళ్ల గుట్టు రాసే పత్రిక నడిపేవాడు. 1944 నవంబరులో మద్రాసు వేపేరిలో ఆయన్ని పొడిచారు, మర్నాడు ఆసుపత్రిలో పోయాడు. 1945లో జ్యూరీ విచారణ జరిగి శిక్ష పడింది. అప్పీలు చేసుకుంటే హైకోర్టు కొట్టేసింది. లండన్‌లో ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లారు, అప్పట్లో మనకి ఆఖరి అప్పీలు అక్కడే. వాళ్లు మళ్లీ వినమని మద్రాసుకే తిప్పి పంపారు. ఈసారి హైకోర్టు శిక్షనే కొట్టేసింది. అంటే ఒకే కేసు, ఒకే హైకోర్టు, రెండు కొట్టివేతలు. మొదటిదానికి జైలు, రెండోదానికి ఇల్లు. ఆ అమ్మాయి శీర్షిక రెండు రోజులకీ సరిపోతుంది. చిక్కంతా అక్కడే.

కందుకూరు పెద్దాయన (రెవెన్యూలో చేసి రిటైరయ్యాను):
మా ఆఫీసులో కొట్టేయడమంటే ఎర్రసిరాతో అడ్డగీత. అడంగల్లో పేరు కొట్టేశారు, రేషన్ కార్డులో పిల్లాడి పేరు కొట్టేశారు అంటాం కదా, అదే మాట. గీత దేని మీద పడిందనేదే ముఖ్యం. అప్పీలు కాగితం మీద పడితే ముద్దాయికి దెబ్బ, తీర్పు మీద పడితే ముద్దాయికి ఊపిరి. కాబట్టి తప్పు కొట్టివేతది కాదయ్యా, 'కేసు' అనే మాటది. ఫిర్యాదుకీ కేసే, అప్పీలుకీ కేసే, కాగితాల కట్టకీ కేసే. దేన్ని కొట్టారో దాని పేరు చెప్తే తగాదా ఉండదు.

కావలి సభ్యుడు:
పిల్లకాయలు 'ఫోను కొట్టేశాడు' అంటే దొంగతనం. 'లాటరీ కొట్టాడు' అంటే అదృష్టం. ఏందబ్బా ఈ మాట!

కొత్త సభ్యురాలు, గూడూరు:
అయితే 'శిక్ష రద్దు' అంటే సరిపోదా సార్?

ఒంగోలు వకీలు:
అదీ సగమేనమ్మా. అమెరికాలో డాక్టర్ శామ్ షెపర్డ్ భార్యను చంపాడని 1954లో శిక్ష వేశారు. పేపర్ల గోలలో విచారణ సక్రమంగా జరగలేదని 1966 జూన్‌లో అక్కడి సుప్రీంకోర్టు దాన్ని పక్కన పెట్టింది. శిక్ష రద్దయింది గానీ ఆయన నిర్దోషని ఎవరూ అనలేదు. మళ్లీ విచారణ జరిగితే నవంబరులో జ్యూరీ ఆ మాట అంది. జూన్ పేపరుకి 'శిక్ష రద్దు', నవంబరు పేపరుకి 'నిర్దోషి'. మన పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 386వ సెక్షన్‌లోనూ అప్పీలు కోర్టుకి రెండు దారులూ ఉండేవి: శిక్ష తీసేసి వదిలేయొచ్చు, తీసేసి మళ్లీ విచారించమనొచ్చు. 'విడుదల' అని మాత్రం పెట్టొద్దు. బెయిలు మీద వచ్చినా విడుదలే, శిక్ష పూర్తయి వచ్చినా విడుదలే.

నెల్లూరు మాస్టారు:
ఇప్పుడు మా ఇంటి సంగతొకటి గుర్తొచ్చింది. మా చిన్నాయనకి పొలం తగాదా ఉండేది. కింది కోర్టులో ఓడి అప్పీలు వేశాడు. తీర్పు రోజు గుమాస్తా ఎస్‌టీడీ బూత్ నుంచి ఫోన్ చేసి, "కొట్టేశారు" అన్నాడు. లైను కట్టయింది. చిన్నాయన సైకిలేసుకుని బజారుకెళ్లి కిలో మలైకాజా తెచ్చి వీధంతా పంచాడు. మాకూ తలా ఒకటి, పాకం వేళ్ల మీదుగా కారుతుంటే నాక్కుంటూ తిన్నాం. సాయంత్రం బస్సులో లాయరుగారి మనిషి దిగి అసలు సంగతి చెప్పాడు. మా పిన్నమ్మ గుమ్మంలో కూలబడి, "కొట్టేసింది మనల్నా!" అంది.

గూడూరు సభ్యురాలు:
అయ్యో! మరి మలైకాజా తిన్నవాళ్లు?

నెల్లూరు మాస్టారు:
ఎదురింటాయన మర్నాడు పొద్దున వచ్చి, కాజా బాగుంది, ఎక్కడ కొన్నారని అడిగాడు. చిన్నాయన మాట్లాడలేదు.

పెద్దాయన తప్పుపట్టిన 'కేసు'నీ, దాంతోపాటు కొట్టివేతనీ వదిలేసి, 'భాగవతార్, కృష్ణన్ నిర్దోషులు' అని మార్చమన్నాను. ఒక లైనులో పట్టదు సార్, పెద్దక్షరాలైతే రెండు లైన్లవుతుంది, భాగవతార్ ఫొటో తగ్గించాలి అంది ఆ అమ్మాయి. కాసేపు గునిసి తగ్గించింది.