క్రూయిజ్ కాగితాలు: బాధ్యత ఏజెంటుదా, ఎక్కేవాళ్లదా?

బరంపురం బాబ్జీ (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. సింగపూర్‌లో ఎక్కి పెనాంగ్, ఫుకెట్ చూసి మళ్లీ సింగపూర్‌లో దిగే క్రూయిజ్ తీసుకున్నాం. మేము, మా బావమరిది వాళ్లు, మా అత్తగారు. ఇక్కడి ఏజెంటు ఒకాయన "వీసాతో సహా పేపర్లన్నీ మేమే చూసుకుంటాం సార్" అని వాట్సాప్‌లో రాసి మరీ డబ్బు తీసుకున్నాడు. సింగపూర్ వీసాలు వేయించాడు, అది కాదనను. భువనేశ్వర్‌లో విమానం ఎక్కేదాకా ఏ ఇబ్బందీ లేదు.

ఓడ ఎక్కే చోట, మెరీనా బే క్రూయిజ్ సెంటర్‌లో, కౌంటర్ దగ్గరమ్మాయి మలేషియా అరైవల్ కార్డు, థాయ్‌లాండ్ అరైవల్ కార్డు (దేశంలోకి వచ్చేముందు మన వివరాలతో ఆన్‌లైన్‌లో నింపే ఫారాలు) చూపించమంది. మాకు ఆ పేర్లు వినడమే అప్పుడు. ఏజెంటుకు ఫోన్ చేస్తే "అవి ప్యాసింజరే నింపుకోవాలి సార్, మా పని వీసా వరకే" అని చేతులు దులిపేసుకున్నాడు. లైను పక్కకు జరిగి, సూట్‌కేసుల మీద కూర్చుని, అందరివీ ఫోన్లలో కొట్టాం. మా అత్తగారు కళ్లజోడు బ్యాగు అడుగున పెట్టేశారు. ఆవిడ పాస్‌పోర్ట్ నంబరు నేను చదవడం, మా ఆవిడ టైపు చేయడం, మధ్యలో ఎయిర్‌పోర్ట్ వైఫై పాస్‌వర్డ్ ఇక్కడ పనిచేయట్లేదని మా బావమరిది కొడుకు గోల. ఓడ ఎక్కాం లెండి. తల ప్రాణం తోకకొచ్చింది.

నేను అడిగేది ఒకటే. డబ్బు తీసుకుని "అన్నీ మేమే" అన్నవాడికి ఈ కార్డుల బాధ్యత ఉందా, లేదా?

ఇచ్ఛాపురం ఈశ్వర్

లేదు బాబ్జీగారూ. చేదుగా ఉన్నా చెప్తాను. పాస్‌పోర్ట్ మీది, ప్రయాణం మీది. ఆ ఫారం చివర "పై వివరాలన్నీ నిజం" అని ఒప్పుకునేదీ మీరే. అక్కడ తప్పు రాస్తే ఇమిగ్రేషన్ ఆఫీసరు ఏజెంటును పిలవడు, మిమ్మల్నే పక్కకు కూర్చోబెడతాడు. ఏ క్రూయిజ్ టికెట్ షరతులైనా తీసి చూడండి, ప్రయాణ పత్రాల బాధ్యత ప్రయాణికుడిదే అని ఉంటుంది. లక్షలు పెట్టి వెళ్తూ, దిగే దేశం ఏం అడుగుతుందో ఒక్కసారి చూసుకోకపోతే ఎలా?

అసలు ఈ గందరగోళం ఎక్కడ మొదలైందంటే, మలేషియా 2023 డిసెంబరు నుంచి మనకు వీసా అక్కర్లేదంది. థాయ్‌లాండ్ 2024 జూలైలో 60 రోజుల మినహాయింపు ఇచ్చింది. జనం "వీసా ఫ్రీ" అన్న మాట పట్టుకుని ఇక ఏ కాగితమూ అక్కర్లేదనుకున్నారు. కానీ మలేషియా 2024 జనవరి 1 నుంచి డిజిటల్ కార్డు తప్పనిసరి చేసింది. థాయ్‌లాండ్ 2025 మే 1 నుంచి విమానం, రోడ్డు, సముద్రం, ఏ దారిన వచ్చే విదేశీయుడైనా ఆన్‌లైన్ కార్డు నింపాలంది. ఇవేవీ రహస్యాలు కావు.

పర్లాకిమిడి మాస్టారు

ఈశ్వర్, నీకు ఇంగ్లీషు వచ్చు, చేతిలో మంచి ఫోన్ ఉంది కాబట్టి సులువుగా చెప్తున్నావు నాయనా. మా వీధిలో క్రూయిజ్‌కు వెళ్లినవాళ్లలో సగం మంది రిటైరైనవాళ్లు. తెలుగు చదువుతారు, ఒడియా చదువుతారు. ఇంగ్లీషు ఫారంలో "లాస్ట్ పోర్ట్ ఆఫ్ ఎంబార్కేషన్" అంటే అక్కడే ఆగిపోతారు. ఓడలోనే పడుకునేవాడిని బస అడ్రస్ అడిగితే ఏం రాస్తాడు? అందుకే కదా ఏజెంటుకు డబ్బిచ్చేది!

ఇంకో మాట. సింగపూర్ వీసాకు మనలాంటివాళ్లు నేరుగా అప్లై చేసుకునే వీలే లేదు, అక్కడ తెలిసినవాళ్లు లేకపోతే వాళ్లు గుర్తించిన ఏజెంటు ద్వారానే వెళ్లాలి. అంటే మధ్యలో మనిషిని పెట్టుకోమని ఆ ఏర్పాటే చెప్తోంది. వీసా దగ్గర మధ్యవర్తి కావాలి, కార్డు దగ్గరకొచ్చేసరికి "మీరే చూసుకోవాలి"నా? ఏరు దాటాక తెప్ప తగలేసినట్టుంది ఈ వ్యవహారం.

మా తాతల కాలంలో మన గోపాల్‌పూర్ రేవు నుంచి రంగూన్ ఓడలు వెళ్లేవి. డెక్కు టికెట్ కొనుక్కుని చాపా చెంబూ పట్టుకుని ఎక్కేవారు. 1937లో బర్మాను విడదీసేదాకా అదీ ఇదీ ఒకే పాలన కింద ఉండేవి కదా.

ఇచ్ఛాపురం ఈశ్వర్

మాస్టారూ, రంగూన్ కబుర్లు బాగున్నాయి కానీ ఇప్పుడు దారిలో మూడు దేశాలున్నాయి. మూడింటికీ మూడు వెబ్‌సైట్లు.

జయపురం టికెట్ కౌంటర్

నేను ఏజెంటునే. బాబ్జీగారి ఏజెంటును వెనకేసుకు రావడం లేదు, "అన్నీ మేమే" అని రాసి మాట తప్పితే అది తప్పే. కానీ మా వైపు ఇబ్బంది ఎవరూ చెప్పట్లేదు కాబట్టి చెప్తున్నాను.

వీసా ముందే వేయించి చేతిలో పెట్టొచ్చు. ఈ కార్డులు అలా కుదరవు. మూడు దేశాలదీ దాదాపు ఒకటే పద్ధతి, చేరడానికి 3 రోజుల ముందు నుంచే ఫారం తీసుకుంటాయి. సింగపూర్ లెక్కలో అయితే చేరే రోజు కూడా ఆ 3 రోజుల్లోనే కలుస్తుంది. బుకింగ్ రోజున ఇంత ఫైలు తయారుచేసి ఇచ్చేద్దామంటే వీలు కాదు.

అసలు చిక్కు తిరుగు ప్రయాణంలో ఉంది. క్రూయిజ్ నుంచి మళ్లీ సింగపూర్‌లో దిగడం కొత్తగా ప్రవేశించినట్టే లెక్క. విమానంలో వచ్చినప్పుడు నింపిన కార్డు అక్కడికే చెల్లు, ఓడ దిగడానికి ఇంకోటి నింపాలి. సోమవారం ఎక్కి శుక్రవారం దిగుతారనుకోండి, ఆ రెండో కార్డు బుధవారం నుంచే తీసుకుంటారు. బుధవారం మీరు నడిసముద్రంలో ఉంటారు. ఓడలో వైఫైకి విడిగా డబ్బు కట్టాలి, లేదంటే ఫుకెట్‌లో ఆగినప్పుడు రోమింగ్ ఆన్ చేసి నింపాలి. నేను జయపురంలో కూర్చుని నింపగలను, నింపుతున్నాను కూడా. కానీ మెయిల్‌కు వచ్చే కాపీ మీ ఫోన్‌లో తెరుచుకోవాలి కదా. ఆ ఫారంలో ఒంట్లో ఎలా ఉందని కూడా అడుగుతారు. ఓడలో మీకు జ్వరం వచ్చిందో లేదో నాకెలా తెలుస్తుంది? "లేదు" అని నేను టిక్ పెడితే, అక్కడ థర్మామీటర్ వేరే మాట చెప్తే?

వీసా దగ్గరా ఇదే లెక్క. మల్టిపుల్ ఎంట్రీ, అంటే ఒకటికన్నా ఎక్కువసార్లు లోపలికి వెళ్లే వీలు, ఉందో లేదో కాగితం మీద చూసుకోండి. సింగిల్ అయితే విమానం దిగడంతోనే అది అయిపోతుంది, క్రూయిజ్ నుంచి తిరిగొచ్చేసరికి చేతిలో ఏమీ ఉండదు. యూరప్ ఓడలకూ అంతే. షెంగెన్ దేశంలో (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల్లో ఒకదాంట్లో) ఎక్కి, మధ్యలో టర్కీ రేవులో ఆగి, మళ్లీ షెంగెన్‌లో దిగాలంటే మల్టిపుల్ ఎంట్రీ కావాలి.

రాయగడ రమ

ఏజెంటు బాబూ, ఇంత వివరం బుకింగ్ రోజునే చెప్తే ఈ గొడవే ఉండదు కదా. మీరు ఇక్కడ రాసిన దాంట్లో పావు వంతు కూడా బ్రోచర్‌లో కనపడదు. అందులో ఉండేది బఫే, స్విమ్మింగ్ పూల్, బెలూన్లు.

మా చెల్లెలు వాళ్ల సంగతి వినండి. ఏజెంటు చేయలేదని గూగుల్‌లో వెతికితే పైన మొదట కనపడిన సైటు అచ్చం సర్కారు సైటులాగే ఉంది. సింగపూర్ కార్డుకు తలకు ఇంత అని డాలర్లు తీసుకుంది. తర్వాత తెలిసింది, సింగపూర్ ఇమిగ్రేషన్ వాళ్లు ఆ కార్డుకు పైసా తీసుకోరని. మలేషియాదీ, థాయ్‌లాండ్‌దీ అంతే, ఉచితం. కాబట్టి "మీరే నింపుకోండి" అని చెప్పే ఏజెంటు కనీసం అసలు లింకు అయినా పంపాలి. దానికి ఏం ఖర్చవుతుంది?

ఈశ్వర్ తమ్ముడూ, "ఒక్కసారి చూసుకోకపోతే ఎలా" అన్నావు. చూసుకున్నవాళ్లే కదా ఆ సైటులో పడ్డది.

ఛత్రపురం గుమాస్తా

ఒక లాయరు దగ్గర పనిచేస్తాను. ఇక్కడ అందరూ రెండు సంగతులు కలిపేస్తున్నారు. ఇమిగ్రేషన్ దగ్గర బాధ్యత ఎవరిదంటే ప్రయాణికుడిదే, ఈశ్వర్‌గారు చెప్పింది నిజం. కానీ ఏజెంటుకూ మీకూ మధ్య ఒప్పందం వేరే సంగతి. డబ్బు తీసుకుని చేస్తానన్న పని చేయకపోతే అది సేవలో లోపం. అక్కడ సింగపూర్ చట్టంతో పని లేదు, మన వినియోగదారుల చట్టమే సరిపోతుంది.

2019 చట్టంతో వచ్చిన మంచి ఏమిటంటే, మీరు ఉండే జిల్లాలోనే ఫిర్యాదు చేయొచ్చు. ఏజెంటు హెడ్డాఫీసు ముంబయిలో ఉన్నా గంజాం జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. గడువు 2 ఏళ్లు. లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. బాబ్జీగారూ, ఆ వాట్సాప్ మెసేజ్ తుడిచేయకండి. "పేపర్లన్నీ" అన్న మాటే మీ కేసు. డబ్బు కట్టిన రసీదు కూడా ఉంచండి.

కానీ ఒకటి. మీరు ఓడ ఎక్కారు, తిరిగారు, వచ్చారు. నష్టం ఎంత అని కమిషన్ అడుగుతుంది. ఓడ తప్పిపోయి ఉంటే లెక్క వేరే ఉండేది.

గోపాల్‌పూర్ గౌరి

కార్డుల గొడవలో పడి మన వైపు వాళ్లకు ఉండే అసలు తలనొప్పి మర్చిపోతున్నారు, పేర్లు. మాకు స్కూల్ సర్టిఫికెట్ ఒడియా పద్ధతిలో ఉంటుంది, పాత్రో అనో రెడ్డి అనో చివర. ఆధార్‌లో తెలుగు పద్ధతిలో ఇంటిపేరు ముందు. పాస్‌పోర్ట్‌లో ఎవరు ఏది ఎక్కించారో వాళ్లకే తెలియదు. మా అమ్మ పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడి ఖాళీ, పేరంతా గివెన్ నేమ్‌లోనే ఉంది. దుబాయ్‌లో ఓడ ఎక్కాలనుకునేవాళ్లు ఇది చూసుకోండి. ఒకే మాటతో పేరు ఉండి, సర్‌నేమ్ లేని పాస్‌పోర్ట్‌కు 2022 నవంబరు నుంచి అక్కడ విజిట్ వీసా మీద రానివ్వడం లేదు. ఫారాలు నింపేటప్పుడు ఆధార్ కాదు, పాస్‌పోర్ట్ ఫొటో పేజీ అడుగున రెండు వరుసల్లో బాణం గుర్తులతో ఉండే పేరే చూడాలి.

అలాగే పదో తరగతి పాసవని వాళ్ల పాస్‌పోర్ట్ మీద ఈసీఆర్ ముద్ర ఉంటుంది, కొన్ని దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే ముందు మన సర్కారు క్లియరెన్స్ తీసుకోవాలని దానర్థం. మలేషియా, థాయ్‌లాండ్ రెండూ ఆ 18 దేశాల జాబితాలోవే. టూరిస్టుగా వెళ్తే క్లియరెన్స్ అక్కర్లేదు, కానీ మన ఎయిర్‌పోర్ట్‌లోనే నాలుగు ప్రశ్నలు ఎక్కువ అడుగుతారు. తిరుగు టికెట్, క్రూయిజ్ బుకింగ్ ప్రింట్ తీసి చేతిలో పెట్టుకోవాలి. 50 దాటినవాళ్లకు ఆ ముద్ర తీయించుకునే వీలుంది. ఇది ఏ ఏజెంటూ చెప్పడు.

ఇచ్ఛాపురం ఈశ్వర్

గౌరిగారు చెప్పినవి చూడండి. పేరు ఎలా ఉందో, ముద్ర ఉందో లేదో, పాస్‌పోర్ట్‌కు ఇంకా 6 నెలల గడువు ఉందో లేదో, ఇవన్నీ మన ఇంట్లో బీరువాలో ఉన్న పుస్తకం తీస్తే కనపడేవే. ఏజెంటు వచ్చి మన బీరువా తెరవడు కదా. నేనన్నది అదే.

జయపురం టికెట్ కౌంటర్

కస్టమర్లు పంపే పాస్‌పోర్ట్ ఫొటోలు ఒకసారి చూడాలి మీరు. ఫ్లాష్ పడి సగం నంబరు మాయం. ఒకాయన అయితే మంచం మీద పెట్టి తీశాడు, దుప్పటి పువ్వులే ఎక్కువ కనపడుతున్నాయి.

పర్లాకిమిడి మాస్టారు

సరే, కస్టమర్ తప్పులు ఒప్పుకుంటాను. అయినా నా వాదన మారదు. 3 రోజుల ముందు మాత్రమే నింపగలిగే పని అని మీకు తెలుసు, మాకు తెలియదు. తెలిసినవాడు చెప్పాలి. ఏ కార్డు ఏ రోజు తెరుచుకుంటుందో ఒక తెల్లకాగితం మీద తెలుగులోనో ఒడియాలోనో రాసివ్వండి. నింపడం మా వల్ల కాకపోతే దానికి వేరే రేటు చెప్పండి, ఇస్తాం. చెప్పకుండా ఊరుకుని తర్వాత "మీరే" అనడం కుదరదు. మా అల్లుడు మాత్రం ఈ గొడవంతా ఎందుకు, విశాఖలో ఎక్కి పుదుచ్చేరి, చెన్నై వెళ్లే ఓడ చూద్దాం మామయ్యా అంటున్నాడు. 2025లో ఒకటి తిరిగింది. దేశంలోనే కాబట్టి ఆధార్ చాలు.

రాయగడ రమ

ఆ పని చేయండి మాస్టారూ, మాకూ చెప్పండి.

బరంపురం బాబ్జీ

అందరి మాటలూ చదివాను. ఇమిగ్రేషన్ దగ్గర బాధ్యత నాదే, దానికి వాదించను. కానీ రసీదులో "వీసా, డాక్యుమెంటేషన్" అని తలకు ఇంత అని విడిగా రాసి తీసుకున్నాడు, ఇవాళ వెతికితే దొరికింది. వీసా ఫీజు పోను మిగిలినది వెనక్కి ఇవ్వమని రేపు రాతపూర్వకంగా అడుగుతాను. ఇవ్వకపోతే గుమాస్తాగారు చెప్పిన దారి ఉండనే ఉంది.

ఇచ్ఛాపురం ఈశ్వర్

రసీదులో డాక్యుమెంటేషన్ అని ఉంటే ఆ సొమ్ము వరకు నేనూ మీ వైపే. టెర్మినల్‌లో పడిన టెన్షన్‌కు కూడా పరిహారం కావాలంటే మాత్రం, మళ్లీ నా మొదటి పోస్టు చదువుకోండి.

ఛత్రపురం గుమాస్తా

టెన్షన్‌కు కూడా అడగొచ్చు ఈశ్వర్‌గారూ, మానసిక వేదన కింద. ఇస్తారా లేదా అన్నది కమిషన్ ఇష్టం.