పేపరు మానేసి పాడ్‌కాస్ట్ పెట్టుకున్నాయన ఇంకా జర్నలిస్టేనా?

సీతమ్మధార సుబ్బు: మన వైజాగ్ రిపోర్టరు గురించే. పేరెందుకులే, వినేవాళ్లకి తెలుసు. పేపర్లో పోర్టు, క్రైమ్ వార్తలు రాశాడు, ఉద్యోగం వదిలి ఫ్యాక్టరీ ప్రమాదాల మీద పుస్తకం వేశాడు, ఇప్పుడు వారం వారం పాడ్‌కాస్ట్. మా బావేమో "ఇంకా జర్నలిస్టేంటి, యూట్యూబరు" అంటాడు. షిప్‌యార్డు మీద గంటసేపు మాట్లాడే చోటు ఏ పేపర్లో ఉంది?

బీచ్‌రోడ్డు వాకర్: ప్రెస్ కార్డుందా? లేదు. అయిపోయింది.

సీతమ్మధార సుబ్బు: అక్రిడిటేషన్ సర్కారిచ్చే కార్డు గురూ, అదుంటేనే జర్నలిస్టా? వర్కింగ్ జర్నలిస్టుల చట్టం 1955లో వచ్చింది, అప్పటికి దేశంలో టీవీయే లేదు. 2021 ఐటీ రూల్స్‌లో డిజిటల్ వార్తల వాళ్లనీ చేర్చారు కదా.

డెస్కు మాస్టారు: కార్డు సంగతి వదిలేయండి. ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ గ్యాస్ లీకు ఎపిసోడ్‌లో ఆయన "ట్యాంకు పేలింది" అన్నాడు, రెండుసార్లు. పేలలేదు! లాక్‌డౌన్‌లో ట్యాంకులో కదలకుండా పడున్న స్టైరీన్, ప్లాస్టిక్ తయారీకి వాడే ద్రవం, వేడెక్కింది. 20 డిగ్రీల లోపు ఉంచాల్సిన సరుకది. 2020 మే 7 తెల్లవారుజామున ఆవిరై పక్కనున్న వెంకటాపురం మీదికొచ్చింది. 12 మంది పోయారు. చప్పుడు లేదు, సైరన్ కూడా మోగలేదు, అదీ అక్కడి నేరం. పేలిందంటే సైరన్‌తో పనేముంది, అందరూ ఆ చప్పుడికే లేచేవాళ్లు. పేపర్లో అయితే వార్తలు దిద్దే డెస్కులో ఎవడో ఒకడు ఈ ముక్క పట్టుకునేవాడు. ఆయనకు డెస్కేదీ?

సీతమ్మధార సుబ్బు: తర్వాతి ఎపిసోడ్ మొదట్లోనే దిద్దుకున్నాడు మాస్టారూ. పేపర్లో సవరణ ఏ మూల వేస్తారో మీకు తెలీదా?

డెస్కు మాస్టారు: మొదటిది విన్నవాళ్లంతా రెండోది విన్నారా? పేలలేదు. అంతే.

మర్రిపాలెం చిన్నా: మాస్టారు మళ్లీ ట్యాంకెక్కారు 😀

గోపాలపట్నం మాజీ: డెస్కు గొప్ప ఇక్కడ చెప్పకండి. నేను కంట్రిబ్యూటర్‌గా, అంటే జీతం లేని ఊరి విలేకరిగా చేశాను, ఏ పత్రికో చెప్పను. లైన్ అకౌంటు. పడ్డ వార్తని కొలిచి డబ్బులు, పెట్రోలు మనదే. ఆగస్టు 15కి యాడ్స్ తేవాలి, తేకపోతే మొహం చూడరు. రాసింది మనం, కింద పేరుండదు.

సీతమ్మధార సుబ్బు: అండీ, మీ జీతాల గొడవ వేరే థ్రెడ్‌లో పెట్టుకోండి. ఇక్కడ పాడ్‌కాస్ట్ గురించి.

గోపాలపట్నం మాజీ: వేరేదేటండీ వేరేది? మీరు పొగుడుతున్న పుస్తకంలో వెంకటాపురం అధ్యాయం చదివారా? ఆ తెల్లారి కాలవలో పడినోళ్లని ఎత్తుతూనే ఫొటోలు తీసి, ఎవరింట్లో ఎవరున్నారో వాకబు చేసి వాట్సాప్‌లో పంపింది నేను. ఆయన మధ్యాహ్నానికి వచ్చాడు. పుస్తకం ముందుమాటలో "స్థానిక మిత్రులకు కృతజ్ఞతలు" అనుంది చూడండి, ఆ మిత్రుణ్ణి నేనే. పాడ్‌కాస్ట్‌లో అదే కథ "నేను వెళ్లేసరికి" అని మొదలెట్టాడు. పేపర్లో నా పేరు డెస్కు తీసేసింది. సొంత మైకు ముందు ఎవరు తీసేశారండీ?

డెస్కు మాస్టారు: డెస్కుకి పేరు తీసేయాలన్న కక్షేం ఉండదు. మండల వార్తకి బైలైన్ ఇవ్వకపోవడం పద్ధతి.

గోపాలపట్నం మాజీ: ఆ పద్ధతే ఆయన వెంట తీసుకెళ్లాడు. అందుకే అంటున్నా, జర్నలిస్టే. మీ అందరికంటే అసలైన జర్నలిస్టు.

బీచ్‌రోడ్డు వాకర్: 😶

సీతమ్మధార సుబ్బు: ఈ సంగతి నాకు తెలీదండీ. కానీ ఎపిసోడ్ కింద వివరణలో పేరు చేర్చడం రెండు నిమిషాల పని. పుస్తకానికైతే మళ్లీ ముద్రించాలి. పాడ్‌కాస్ట్‌తో ఉన్న సుఖమే అది. మీరే ఒక మెసేజ్ పెట్టొచ్చుగా?

గోపాలపట్నం మాజీ: నేను పెడితే పేరు కోసం అడుక్కున్నట్టుంటుంది. ఆయన అభిమాని మీరు కదా, మీరే పెట్టండి.